వల కింది జాగా

"మా దానికి ఆపరేషన్ అయింది. ఇగ దాంట్ల చెడేటిదేముంది? గదే కూసుంటది తియ్యుండ్రి."

ఐలేశం ఈ మాట అన్నప్పుడు అతని భార్య మల్లీశ్వరి పంచాయతీ ఆఫీసు అరుగు పక్కన చాయ్ గ్లాసులు కడుగుతోంది. మీటింగ్‌కు చాయ్ పెట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో మీటింగ్ అంటే పొయ్యి దగ్గరికి ఎవరు పోవాలో, అరుగు మీద ఎవరు కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. చేతిలో గ్లాసు, గ్లాసు నిండా సబ్బు నురుగు. అరుగు మీద నవ్వు లేచింది. ముందు వరసలో పుట్టి, వెనక గోడకు తగిలి, మళ్లీ ముందుకు వచ్చిన నవ్వు. సర్పంచ్ దశరథం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆమె మామ గుర్వయ్య నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు.

మల్లీశ్వరి కూడా నవ్వింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, అందరితో పాటు నవ్వింది. తర్వాత ఆమెను తిననివ్వనిది, నిలబడనివ్వనిది ఆ నవ్వే. భర్త అన్న మాట కాదు. అట్లాంటి మాటలు ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది, చెవులు కాయలు కాసి ఎండి రాలిపోయాయి కూడా. తన నోరు తనను అడగకుండా నవ్వడమే ఆమెకు అర్థం కాలేదు. ఎవరో వీపు మీద చరిస్తే దెబ్బ తగిలిన మనిషే "అయ్యో, మీ చెయ్యి నొచ్చిందా" అన్నట్టుంది. గ్లాసు కడగడం అయిపోయాక కూడా కడుగుతూనే ఉంది. ఆ గ్లాసు అంత తెల్లగా అంతకుముందు ఎప్పుడూ లేదు.

సంగతి ఏమిటంటే, నకిరేకల్ రోడ్డు దిగి లోపలికి పోతే ఆ ఊరి వెనక ఒక పెద్ద రాళ్ల కంచె, అంటే గొర్రెలు మేసే బీడు, ఉంది. ఆ రాళ్లు ఎంత మొండివంటే, వాన వాటి మీద పడి, దెబ్బ తగిలించుకుని, పక్క ఊరికి పోయి కురుస్తుందని చెప్పుకుంటారు. పంట పండదు. రాళ్ల సందుల్లో గొర్రెలకు మాత్రం ఇంత గడ్డి దొరుకుతుంది. ఆ కంచెలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పరిశోధన సంస్థ వాళ్లు, మనిషి భుజాల మీద మనిషి నిలబడ్డంత ఎత్తు స్తంభాలు పాతి, వాటి మీద సన్నని తీగల వల పరిచారు. ఎదురుగుట్ట మీద టవర్ కట్టారు. సూర్యుడి ఎండను ఆకాశంలోనే కరెంటు చేసి కిందికి పంపడం నేర్చుకుంటున్నామని చెప్పారు. అంత పైన పొద్దు గుంకదట, మబ్బు పట్టదట. అక్కడ పలకలు పరిచి, పట్టిన ఎండను, ఫోన్‌లోకి మాట వచ్చినట్టే కంటికి కనబడని అలలుగా మార్చి వదిలితే, కింద ఈ వల వాటిని పట్టి మళ్లీ కరెంటు చేస్తుందట. ఆకాశంలోకి ఇంకా ఏదీ పోలేదు. ఇప్పటికి గుట్ట మీది టవరే వాళ్ల ఆకాశం. అది పంపుతుంది, వల పట్టుకుంటుంది, వల పక్కన చిన్న మోటారు ఒకటి నీళ్లు తోడుతుంది. అంతే.

అంతే అంటే ఊరుకునే ఊరు కాదది. ఆ వల పక్కన మేసిన కోడి ఉడికిన గుడ్డు పెట్టిందని ఒకరు చూసి వచ్చారు. వల మీదుగా పోయిన కాకి కాలిపోయి కింద పడిందని, ఉప్పూ కారం చల్లుకోవడమే తరువాయి అని ఇంకొకరు. అన్నిటికంటే పెద్ద మాట గుర్వయ్యది.

"గిదేం కొత్తరా? నిజాం జమానల మా తాత పిడుగును గొంగట్ల మూటగట్టుకొని ఇంటికి తెచ్చిండు. ఆర్నెల్లు మా ఇంట్ల దీపం ముట్టియ్యలే. ఆఖరికి మా అవ్వ గొంగడి ఉతికింది, అయిపాయె, ఆరిపాయె."

పిడుగు తెచ్చింది తాత, ఆర్పింది అవ్వ. మామ కథలన్నీ అట్లాగే ఉంటాయని మల్లీశ్వరి ఎప్పుడో కనిపెట్టింది. అయినా ఆయన కథ చెబుతుంటే వినడం ఆమెకు ఇష్టం. ఆ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఆయన ఒక్కడే.

కోడిగుడ్డు మాటలకు ఊరు నవ్వుకుంది కానీ ఇంకో మాటకు నవ్వలేదు. ఆ వల కిందికి పోయిన ఆడదానికి కడుపు నిలవదని, మగవాడికి మగతనం ఉండదని. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు. వల కట్టిన సంస్థ వాళ్లు మాత్రం, అడుగున గడ్డి పెరగకుండా గొర్రెలు మేస్తే మాకే మేలు, కంచెకు తీగ కూడా చుట్టం, వచ్చి మేపుకోండి అంటున్నారు. ఎండాకాలం ముంచుకొస్తోంది, మేత ఇంకెక్కడా లేదు. మీటింగ్ అందుకే. సంస్థ తరఫున వచ్చిన ఇంజనీరు ప్రణీత, పాలమూరు దిక్కు అమ్మాయి, మైకు లేకుండా గొంతు చించుకుని చెప్పింది. "ఆ అలల బలం నడిమధ్యల గూడ మిట్ట మధ్యాహ్నం ఎండల పావు వంతు ఉండదు. దాన్ని గూడ వల పట్టుకుంటది. కింద మిగిలేది మీ చేతుల ఫోన్ కాడ ఉండేటంతనే. మేం రోజు అండ్లనే కూసోని అన్నం తింటం."

"మీరు జీతమోళ్లు. మావోళ్లెవలన్న కూసోవాలె," అన్నాడు దశరథం. హైదరాబాద్ నుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారు, ఆ రోజు వాళ్ల ముందర ఊరి మనిషి ఒకరు వల కింద గొర్రెలతో కూర్చుని చూపిస్తే ఊరికి నమ్మకం, కూర్చున్న వాళ్ల మందకు అక్కడ మొదటి మేత. ఎవరు కూర్చుంటారని అడిగాడు. పెండ్లి కావలసిన పిల్లలు తమ పెండ్లిని గుర్తు చేసుకున్నారు. అయినవాళ్లు పుట్టబోయే కొడుకులను తలచుకున్నారు. ముసలివాళ్లకు కూడా ఏవో ఆశలు ఉన్నట్టున్నాయి, వాళ్లూ నేల చూపులు చూశారు. అప్పుడు లేచాడు ఐలేశం. మా దానికి ఆపరేషన్ అయింది, అన్నాడు.

మల్లీశ్వరి నవ్వడం ఇంకొకరు చూశారు. బస్సు దిగి అప్పుడే అరుగు ముందుకు వచ్చిన ఆమె బిడ్డ మనీష. నకిరేకల్‌లో ఇంటర్ చదువుతోంది. ఆ సాయంత్రం మల్లీశ్వరి జొన్నరొట్టె తడుతుంటే పక్కన వచ్చి నిలబడింది.

"నువ్వెందుకు నవ్వినవే?"

"అందరు నవ్విండ్రు గదనే."

"అందరు నిన్ను జూసి నవ్విండ్రు. నువ్వు ఎవల్ని జూసి నవ్వినవ్?"

రొట్టె పెనం మీద పడేటప్పుడు మడత పడింది. మనీష రొట్టె తినలేదు. అప్పటి నుంచి తల దువ్వించుకోవడానికి తల్లి ముందు కూర్చోవడం మానేసి, తనే జడ వేసుకుని బస్సుకు పోతోంది. కోపమైతే మల్లీశ్వరి తట్టుకునేది. అది కోపం కాదు. బస్టాండులో నలుగురి మధ్య "మీ అమ్మనే గదా" అని ఎవరన్నా అడుగుతారేమోనని బిడ్డ కళ్లు పక్కకు తిప్పుకుంటోంది.

ఆపరేషన్ అయిన సంగతి ఊరికి తెలియనిదేం కాదు. రెండో కానుపు తర్వాత కుటుంబ నియంత్రణ క్యాంపుకు పోయిన ఆడవాళ్లందరూ ఒకే ట్రాలీ ఆటోలో ఒకరి మీద ఒకరు ఒరిగి ఇంటికి వచ్చారు. అంతకు ముందు ఆసుపత్రి నర్సమ్మ ఇంటికి వచ్చి ఐలేశంతోనే చెప్పింది, మగవాళ్లకు చేసేది చాలా చిన్నది, కుట్టు కూడా ఉండదు, సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికి రావొచ్చని. "అమ్మో, నేను గొర్ల ఎంబడి తిరిగేటోణ్ని. బలం పోతె నా మందను నువ్వు కాస్తవా?" అన్నాడు ఐలేశం. నర్సమ్మ నవ్వింది, అత్త నవ్వింది. అప్పుడూ మల్లీశ్వరి నవ్వినట్టే గుర్తు. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే అతనికి నకిరేకల్‌లో గొర్రెల కాపరుల సంఘం మీటింగ్ పడింది. మంద వెనక పోయింది ఆమె. ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, ఇంకో చేత్తో పాలు తాగని గొర్రెపిల్లను పట్టుకుని. గొర్రెలకు కుట్ల సంగతి తెలిసినట్టుంది, ఆ రోజు ఒక్కటి కూడా పరుగెత్తలేదు. ఆ రోజు మొదలు మంద ఆమెదే అయింది. దొడ్డి ఊడవడం, పెంట ఎత్తడం, తల్లి చచ్చిన పిల్లలకు సీసాతో పాలు పట్టడం, కాలికి ముల్లు దిగితే పళ్లతో లాగడం, కొమ్మలు నరికి తేవడం. సంఘంలో పేరు మాత్రం ఐలేశంది. రోడ్డు మీది హోటల్లో అతన్ని మంద ఐలేశం అని పిలుస్తారు. "ఇంట్ల ఉండేదానికి నీకేం తెలుస్తది, గొర్రె కాపరి కష్టం" అని అతను ఆమెతోనే అంటాడు. అన్నం తింటూ అంటాడు. ఆమె ఇంకాస్త కూర వేస్తుంది.

మీటింగ్ తర్వాత ఒక పొద్దున ప్రణీత ఇంటికి వచ్చింది. ఐలేశం కుర్చీ తుడిచి వేశాడు. మల్లీశ్వరి నెత్తి మీద పెంట గంపతో దొడ్డిలోంచి వస్తోంది. ప్రణీత కుర్చీలో కూర్చోకుండా ఆమె ముందుకు వచ్చింది.

"అక్కా, మిమ్మల్నే అడుగుదామని వచ్చిన. వల కింద కూసోవడం మీకు ఇష్టమేనా?"

"దాన్నడిగేదేముంది మేడమ్, నేను చెప్పిన గద," అన్నాడు ఐలేశం.

"కూసునేది ఆమె గదన్నా. ఆమెనే చెప్పాలె. అక్కా, ఇష్టం లేకుంటె లేదని చెప్పుండ్రి. నేను వేరే ఉపాయం చూసుకుంట."

నెత్తి మీద గంప, గంప నిండా పెంట. ఇట్లాంటి ప్రశ్న అడిగితే గంప దించి జవాబు చెప్పాలో, మోస్తూనే చెప్పవచ్చో కూడా మల్లీశ్వరికి తెలియలేదు. ఆమెను పెండ్లప్పుడు అడగలేదు, క్యాంపుకు తీసుకుపోయినప్పుడు అడగలేదు. వంకాయ కూరో టమాట కూరో వండేటప్పుడు ఆమే ఎదుటివాళ్లను అడుగుతుంది. ఇష్టమేనా అంటే రెండు జవాబులు ఉంటాయని తెలుసు. రెండోది నోట్లో ఏ మూల ఉంటుందో వెతుక్కునే లోపల మొదటిది బయటికి వచ్చేసింది.

"ఇష్టమే."

ఐలేశం చూశారా అన్నట్టు తల ఊపాడు. ప్రణీత ఆమె ముఖం వైపు ఇంకాసేపు చూసి, "సరే అక్కా, గొర్లు మేపుకుంట ఒకసారి అటు రాండ్రి, అంత చూపిస్త" అని పోయింది. పెంట కుప్ప మీద గంప బోర్లించాక మల్లీశ్వరి అక్కడే నిలబడింది. నవ్వినదానికి బిడ్డ ముఖం చాటేసింది. ఈ ఇష్టమే అన్న మాట కూడా వింటే ఆ పిల్ల ఇంకేం చాటేయాలి?

మర్నాడు మందను కంచెకు తోలింది. వల దగ్గర ప్రణీత ఒక్కతే ఉంది. వల నడుమ ఒక స్తంభానికి బియ్యం డబ్బా అంత పెట్టె ఒకటి బిగించి ఉంది. మల్లీశ్వరి మొదట అడిగింది ఊరందరూ అడిగేదే. "ఎవలన్న గిట్టనోడు దాన్ని ఊరి మీదికి తిప్పితె?"

"తిప్పలేరక్కా. ఈ పెట్టె ఉంది చూడు, ఇది గుట్ట దిక్కు పిలుస్తనే ఉంటది. మనకు వినపడదు, టవర్‌కు వినపడుతది. పిలుపు ఏ జాగా నుంచి వస్తె ఆ జాగాకే అలలన్ని కూడుకొని వస్తయి. పిలుపు ఆగిందనుకో, చెదిరిపోతయి. టవర్ బందైతది. ఊరు పిలవదు గద, ఊరి మీదికి ఎట్ల పోతది?"

ప్రణీత పెట్టె పక్కన ఒక మీట నొక్కింది. అటు పక్కన పైపులోంచి దూకుతున్న నీళ్లు ఒక్కసారి తలవంచి, సన్నబడి, ఆగిపోయాయి. మళ్లీ నొక్కింది. కొంచెం ఆగి నీళ్లు వచ్చాయి.

"పిలవకుంటె రాదా?"

"రాదు."

"గంత పెద్ద టవరు ఉండి గూడ?"

"రేపు ఆకాశంల ఊరంత పెద్దది పెట్టినా గంతే అక్కా. కింద ఉన్నది రమ్మంటెనే. అట్ల చేసినంకనే మేం దీని కింద అన్నం తినుడు మొదలుపెట్టినం."

మల్లీశ్వరి ఆ మీటను తనే ఒకసారి నొక్కి చూసింది. నీళ్లు ఆగాయి. ఇనుముకు ఇంత మర్యాద ఎవరు నేర్పారా అనిపించింది. ఆమె మీద పడినవన్నీ గుర్తుకు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, దొడ్డి తడిక తీసినప్పుడు గొర్రెలు వచ్చినట్టు. అత్త మాటలు, చుట్టాల వంటలు, తాగి వచ్చిన రోజు అతని చెయ్యి, తాగకుండా వచ్చిన రోజు కూడా అతని చెయ్యి. వాటిలో ఏదీ ఆమె పిలిస్తే రాలేదు. ఆమె పిలవడం ఆపితే ఆగిపోయేదీ కాదు. ఆపవచ్చని తెలియనే తెలియదు. "ఈ పెట్టె ఎవలు చేసిండ్రు?" అని అడిగింది.

"నేనే చేసిన అక్కా. రేపు పెద్దోళ్లు వచ్చినప్పుడు నాకేం పని చెప్పిండ్రో ఎరుకేనా? పూల బొకేల పళ్లెం పట్టుకొని నిలబడాలెనట. పెట్టె సంగతి మా సార్ చెప్తడు." అని ప్రణీత నవ్వింది.

మల్లీశ్వరి ఆ నవ్వును గుర్తు పట్టింది. నోటికి కొంగు అడ్డం లేదు, అంతే తేడా.

ఆ మధ్యాహ్నం ఆమె వల కిందనే రొట్టె విప్పింది. ఎండ తీగల మధ్య నుంచి గళ్లు గళ్లుగా పడుతోంది. కాలు కుంటుపడ్డ ముసలి గొర్రె ఒకటి పక్కన పడుకుని ఆమె కొంగు నమిలింది. ఏమీ కాలేదు. భయం ఉన్నన్నాళ్లూ సిగ్గును అది కప్పి ఉంచింది, ఇప్పుడు భయం పోయేసరికి సిగ్గు ఒక్కటే చీర లేని మనిషిలా ఎదురుగా నిలబడింది. కూర్చోనని చెప్పేస్తే? భయపడిందంటారు. వల మంచిది కాదని ఊరు తీర్మానం చేసేస్తుంది, ఆ అబద్ధం పోయి ఈ ఇంజనీరు పిల్ల నెత్తిన పడుతుంది, మేత పోతుంది. కూర్చుంటే? చెడేటిదేముంది అన్న మాట మీద తనే పోయి వేలిముద్ర వేసినట్టు. వచ్చిన పెద్దలు చప్పట్లు కొడతారు, మనీష ఎక్కడో నిలబడి చూస్తుంది. మిగిలిన రొట్టె కుంటి గొర్రెకు పెట్టేసింది. సాయంత్రం మందను మళ్లించేటప్పుడు, నాలుకను అంగిట్లో ఆడించి ఆమె చేసే పిలుపు కూడా సరిగ్గా రాలేదు. గొర్రెలు మాత్రం వచ్చాయి.

పెద్దలు వచ్చిన రోజు కంచెలో షామియానా వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు షామియానా బయట ఎండలో నిలబడ్డారు. కొత్త కండువా, భుజం మీద ఉతికిన గొంగడి వేసుకున్న ఐలేశం పెండ్లికొడుకులా తిరుగుతున్నాడు. ప్రణీత పూల పళ్లెం పట్టుకుని ఉంది. వాళ్ల సారు పెట్టె సంగతి చెప్పాడు, బాగానే చెప్పాడు. తర్వాత దశరథం లేచి, "ఇగ మా ఐలేశం తన మందను, ఇంటామెను వల కిందికి తోలుకపోతడు" అన్నాడు. రెంటికీ కలిపి ఒకటే క్రియ.

ఐలేశం మంద వైపు తిరిగి నాలుక ఆడించాడు. గొర్రెలు తలెత్తి చూశాయి. రోడ్డున పోయే మనిషిని చూసినట్టు చూసి మళ్లీ తలలు దించాయి. ఇంకోసారి పిలిచాడు, దా దా అన్నాడు, గొంగడి విసిరాడు. ముందరి గొర్రె నాలుగడుగులు వెనక్కి వేసింది. కుర్చీల్లో ఒకరు సెల్ఫోన్ పైకి ఎత్తారు.

"ఏమయ్యా మంద ఐలేశం, నీ మందకు నువ్వు ఎరుకలేనట్టుంది!" అన్నారు ఎవరో.

"గొంగడి కొత్తగ ఉతికిండు గద, వాసన గుర్తువట్టలేదు," అన్నాడు గుర్వయ్య, కొడుకును కాపాడబోయి.

నవ్వులు లేచాయి. ఐలేశం మల్లీశ్వరి దగ్గరికి వచ్చి పళ్ల మధ్య నుంచి అన్నాడు. "పిలువే. ఇజ్జత్ తీస్తున్నవ్. పిలిచి, పోయి కూసో."

ఆమె నాలుక అంగిట్లోకి పోయింది. అలవాటు అది. అక్కడ ఆగింది. పిలుపు బయటికి రాలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆమె చెప్పిన పని ఒకటి చేయకుండా ఉండింది, ఆకాశం ఏమీ విరిగి పడలేదు. షామియానా పక్కన మనీష కనిపించింది, పుస్తకాల సంచి ఎదకు పట్టుకుని. బిడ్డ నవ్వడం లేదు, చూపు తిప్పుకోనూ లేదు. మల్లీశ్వరి కుర్చీల ముందుకు నడిచింది.

"నాకేం భయం లేదు. మొన్ననే అండ్ల కూసోని రొట్టె తిన్న. గా పిల్ల చెప్పేది నిజం, పెట్టె చేసింది గూడ గా పిల్లనే. నేను కూసుంట. మా ఆయన చెప్పిండని కాదు, నా ఇష్టంతోని కూసుంట. గని ఒక్క మాట." ఊరి వైపు తిరిగింది. "మీ భయమంత కడుపు పోతదని, మగతనం పోతదని. నాకు ఆపరేషన్ అయిందని మా ఆయన మీ అందరి ముంగట చెప్పిండు. అయింది. అబద్ధమేం కాదు. మరి పోయేటిదేం లేని నేను కూసుంటె మీకేం ఎరుకైతది? పోయేటిది ఉన్నోళ్లు కూసోవాలె. ఈ ఊర్ల మగోళ్లల్ల ఒక్కనికి ఆపరేషన్ కాలే. రాండ్రి అందరు."

చెప్పి, వల కిందికి పోయి, రాయి చూసుకుని కూర్చుంది. అప్పుడు పిలిచింది. నాలుక అంగిట్లో ఆడి, పిలుపు కంచె మీదుగా పోయింది. మంద మొత్తం ఒక్కసారి తలలెత్తి, ఐలేశాన్ని రాయిని దాటినట్టు అటూ ఇటూ దాటి, గళ్లు గళ్లు ఎండలోకి నడిచి వచ్చి ఆమె చుట్టూ నిలబడింది. కుంటి గొర్రె అందరికంటే వెనక వచ్చింది.

అరుగు మీద నవ్విన మగవాళ్లు మళ్లీ నేల చూపులు చూస్తున్నారు. ఆ కంచె రాళ్లను అంత శ్రద్ధగా అంతమంది ఎప్పుడూ చూసి ఉండరు. ఎండలో నిలబడ్డ ఆడవాళ్లలో మొదట ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గుర్వయ్య గొంతు.

"అరే ఐలేశం, ఉరుకురా! నీకాడ పోయేటిదేమన్న ఉన్నదో లేదో ఇయ్యాల్నన్న ఎరుకైతది!"

ఇక ఊరు ఆగలేదు. కుర్చీల్లోని పెద్దలు కూడా నవ్వారు. దశరథం తను మిగిలిపోకుండా ఉండటానికి అందరికంటే గట్టిగా నవ్వాడు. "పోరా, పో, నీ పెండ్లాం పిలుస్తాంది" అని ఇద్దరు ముగ్గురు ఐలేశాన్ని భుజాలు పట్టి ముందుకు నూకారు. గొంగడి జారి కింద పడింది. దాన్ని వంగి తీసుకుంటూ అతను కూడా నవ్వబోయాడు. పెదవులు సాగాయి, కళ్లు మాత్రం తడబడి ఎవరి మీదా నిలవక నేల మీద పడ్డాయి. మల్లీశ్వరికి ఆ ముఖం తెలుసు. అద్దంలో చూడలేదు కానీ లోపలి నుంచి తెలుసు. సబ్బు నురుగు గ్లాసు చేతిలో పట్టుకుని తను వేసుకున్న ముఖం అది.

అందరూ నవ్వుతున్నారు. ఈసారి మల్లీశ్వరి నవ్వలేదు.

"నూకకుండ్రి," అంది. గట్టిగా అనలేదు, అయినా వినబడింది. నూకేవాళ్ల చేతులు ఆగాయి. స్తంభం అవతల, అంచు మీద, ఐలేశం ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇష్టమైతెనే రా," అంది. "వద్దంటె వద్దని చెప్పు. నిన్ను ఎవలేమనరు. నేనైతె ఏమన."

అతను గొంగడిని రెండు చేతులతో పట్టుకుని ఆమె వైపు చూశాడు. రెండు జవాబులున్న ప్రశ్న ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ఇద్దరి మధ్యకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చి నిలబడితే, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియడం లేదు.

మల్లీశ్వరి పక్కనున్న గొర్రెను కొంచెం జరిపింది. పక్కన జాగా ఉంది. రమ్మని చెయ్యి ఊపలేదు, వద్దని ముఖం తిప్పుకోలేదు.

"చెప్పు," అంది. "నీకు ఇష్టమేనా?"